చిన్నపిల్లలతో కరీబియన్ క్రూజ్: ఏ రేవులో దిగాలి, ఎక్కడ ఓడలోనే ఉండిపోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ ఆరేళ్లలోపు పిల్లలతో, చాలాసార్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలనూ వెంటబెట్టుకుని క్రూజ్ బుక్ చేసేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఓడ ఎంత పెద్దది, టికెట్ ఎంత అన్నది అందరూ చూస్తారు. దారిలో ఏయే రేవుల్లో ఆగుతుందన్నది చివర్లో చూస్తారు, ఒక్కోసారి అసలు చూడరు. పసిపిల్లలుంటే మాత్రం ముందు చూడాల్సింది అదే.

ఓడలోనే అన్ని పూల్స్ ఉంటాయి కదా, రేవు గురించి అంత ఆలోచించాలా?

పిల్లలు ఇంకా డైపర్లలో ఉంటే ఆలోచించాలి. అమెరికా నుంచి బయల్దేరే ఓడలు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) పారిశుధ్య నిబంధనల ప్రకారం నడవాలి. టాయిలెట్ అలవాటు కాని పిల్లల్ని ఓడ మీది పూల్స్‌లోకి, హాట్ టబ్బుల్లోకి దింపనివ్వరు. స్విమ్ డైపర్ వేశామన్నా ఒప్పుకోరు. కొన్ని ఓడల్లో పసివాళ్ల కోసం వేరే నీటి ఏర్పాటుతో ఓ చిన్న చోటు ఉంటుంది, అన్నింట్లో ఉండదు. అంటే ఏడాదిన్నర పాప వారం మొత్తంలో ఒళ్లు తడిపి ఆడుకునేది రేవులో దిగిన రోజే. ఈ సంగతి ఓడ ఎక్కాక తెలిసి, పూల్ పక్కన ఏడ్చే పాపను ఎత్తుకుని తిరిగే తల్లిదండ్రులు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు.

సులువైన రేవు అంటే ఏమిటి? దానికేమైనా కొలత ఉందా?

ఉంది. ఓడ మెట్లు దిగిన దగ్గర్నుంచి పాప కాళ్లు నీళ్లలో పడేదాకా ఎన్ని నిమిషాలు? 20 లోపైతే సులువు. 20 నుంచి 40 అయితే మిగతావన్నీ బాగుంటేనే వెళ్లాలి. 40 దాటితే ఆ బీచ్ ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా మీకు కాదు.

ఈ లెక్క ఎలా వచ్చిందంటే, ఓడ ఉదయం 8కి ఆగి సాయంత్రం 5కి బయల్దేరుతుందనుకుందాం. పిల్లలకు టిఫిన్ పెట్టి, సన్‌స్క్రీన్ పూసి, ఒకరు మళ్లీ బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, కిందికి దిగేసరికి 9:30. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పాప నిద్రకు తూగుతుంది. మిగిలింది మూడున్నర గంటలు. వెళ్లడానికి గంట, రావడానికి గంట పోతే ఆడుకోవడానికి దక్కేది గంటన్నరే.

నిమిషాల తర్వాత మరో నాలుగు చూడాలి: నీడ, టాయిలెట్, మోకాలి లోతు దాటని నెమ్మది నీళ్లు, ఎప్పుడనిపిస్తే అప్పుడు తిరిగొచ్చే వీలు. నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు. 40 మందితో బస్సులో వెళ్లే టూర్‌లో పాపకు జ్వరం వచ్చినా, వాంతి అయినా, మిగతా 38 మంది స్నార్కెలింగ్ ముగించేదాకా మీరు అక్కడే ఉండాలి.

టెండర్ పోర్టు అంటే ఏమిటి? పిల్లలతో వద్దంటారెందుకు?

ఓడ ఆనుకోవడానికి రేవు లేనిచోట సముద్రంలోనే లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఆ పడవే టెండర్. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్, బెలీజ్ సిటీ రెండూ ఇలాంటివే. కేమన్‌లో ఒడ్డు దగ్గరే. బెలీజ్‌లో తీరం వెంట నీళ్ల లోతు తక్కువ కాబట్టి ఓడ చాలా దూరంలో ఆగుతుంది, పడవ ప్రయాణమే దాదాపు 20 నిమిషాలు పడుతుంది.

కష్టం పడవలో కన్నా దాని కోసం ఎదురుచూడటంలో ఎక్కువ. ఉదయం టోకెన్ తీసుకుని మీ నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. కంపెనీ టూర్ కొన్నవాళ్లను ముందు పంపిస్తారు. మీ వంతు వచ్చాక స్ట్రోలర్ మడవాలి, పాపను ఎత్తుకోవాలి, ఊగే పడవలోకి అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు ఆ ఒక్క అడుగే పెద్ద పరీక్ష. తిరిగొచ్చేటప్పుడు ఎండలో మళ్లీ వరుస, అదీ చివరి గంటలో అందరూ ఒక్కసారే వచ్చిపడినప్పుడు.

అయినా కేమన్‌లో దిగాలనుకుంటే రద్దీ తగ్గాక, 10:30 ప్రాంతంలో దిగి, టాక్సీలో సెవెన్ మైల్ బీచ్‌కి వెళ్లి, చివరి పడవకు రెండు గంటల ముందే వెనక్కి తిరగండి. స్టింగ్‌రే సిటీ (సముద్రంలో స్టింగ్‌రే చేపల మధ్య నిలబడే చోటు) జోలికి మాత్రం నాలుగైదేళ్లు దాటేదాకా పోకండి. టెండర్, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత మరో పడవ. చివరికి దిగేది పెద్దవాళ్లకు నడుముదాకా వచ్చే నీళ్లలోకి.

క్రూజ్ కంపెనీల సొంత దీవులు నిజంగా అంత బాగుంటాయా? అంతా కృత్రిమమే అంటారు కదా.

కృత్రిమమే. మూడేళ్ల పిల్లవాడికి ఆ తేడా తెలియదు, ఇసుక ఇసుకే. చాలావాటిలో ఓడ పక్కనే రేవు, ఉచిత ట్రామ్, టాయిలెట్లు, షవర్లు, నీడ, లైఫ్‌గార్డులు, టికెట్‌లోనే భోజనం. టాక్సీ బేరం లేదు, ఓడ తప్పిపోతుందన్న భయం లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు కనీసం ఒక్క సొంత దీవి ఉన్న రూటే ఎంచుకోవడం మేలు.

రాయల్ కరీబియన్ వాళ్ల కోకోకే బహామాస్‌లో ఉంది. 2019 నుంచి ఓడ నేరుగా రేవులోనే ఆగుతోంది. అక్కడి వాటర్ పార్క్‌కి వేరే టికెట్, అదీ ఖరీదైనది. పెద్ద స్లైడ్లకు ఎత్తు నిబంధన ఉంటుంది కాబట్టి ఐదేళ్లలోపు వాళ్లకు ఆ డబ్బు దండగ. స్ప్లాషవే బే అనే నీటి ఆటల చోటు, దొంగల ఓడ ఆకారంలో కట్టిన ఆటస్థలం రెండూ ఉచితం, వాటితోనే పిల్లలకు పొద్దు గడిచిపోతుంది. డిస్నీ వాళ్ల కాస్టవే కేలో కుటుంబాల బీచ్‌కి ట్రామ్ ఉంది, లైఫ్ జాకెట్లు ఉచితంగా ఇస్తారు. అదే కంపెనీ 2024లో తెరిచిన లుకౌట్ కేలో రేవు చాలా పొడుగు, నడక ఎక్కువ. పెద్దవాళ్లుంటే ఈ రెంటిలో కాస్టవే నయం. కార్నివాల్ 2025 జూలైలో గ్రాండ్ బహామా మీద సెలబ్రేషన్ కీ తెరిచింది. అక్కడ అలల్లేని మంచినీటి లాగూన్లు ఉన్నాయి, సముద్రమంటే బెదిరే పిల్లలకు బాగుంటాయి. ఎమ్మెస్సీ వాళ్ల ఓషన్ కేలో ఇసుక బోలెడు, చెట్ల నీడ తక్కువ. వెళ్లగానే గొడుగు ఉన్న చోటు చూసి కూర్చోవాలి.

మామూలు ఊళ్లున్న రేవుల్లో ఏవి నయం?

గ్రాండ్ టర్క్ అన్నిటికన్నా తేలిక. రేవు దిగి దుకాణాలు దాటితే ఎదురుగా బీచ్, పక్కనే లోపలికి ఉచితంగా వెళ్లగలిగే పెద్ద పూల్. టాక్సీ అక్కర్లేదు. ఒకే చిక్కు, రేవు గాలికి ఎదురుగా ఉండటంతో గాలి జోరుగా ఉన్న రోజుల్లో ఓడ ఆగకుండా వెళ్లిపోతుంది.

కోస్టా మాయా (మెక్సికో), ఆంబర్ కోవ్ (డొమినికన్ రిపబ్లిక్) రెండూ క్రూజ్ కోసమే కట్టిన రేవులు. రెండింట్లోనూ గేటు లోపలే ఉచిత పూల్ ఉంది. రేవు పొడుగ్గా ఉంటుంది, స్ట్రోలర్ తప్పనిసరి. ఆంబర్ కోవ్‌లో నడిచి వెళ్లగలిగే ఇసుక బీచ్ లేదు, పూల్‌తోనే సరిపెట్టుకోవాలి. స్లైడ్లకు వేరే డబ్బు.

రొవాటాన్‌లో (హోండురాస్) రెండు రేవులు. మహోగనీ బేలో ఓడ ఆగితే (ఇప్పుడు దాన్ని ఇస్లా ట్రాపికాలే అంటున్నారు) బీచ్‌కి నడక పది, పదిహేను నిమిషాలు, లేదంటే డబ్బు కట్టి కేబుల్ కుర్చీలో వెళ్లొచ్చు. అక్కడ ఇసుక ఈగలు కుడతాయి, పిల్లల కాళ్లకు ముందే దోమల మందు రాయండి. ఓడ కాక్సెన్ హోల్‌లో ఆగితే ఈ బీచ్‌కి నడిచి వెళ్లలేరు. బుక్ చేసేముందు ఏ రేవో చూసుకోవాలి.

కొజుమెల్ (మెక్సికో) కొంచెం పని పెట్టినా ఫలితం బాగుంటుంది. మూడు రేవుల్లో ఏదైనా టాక్సీ స్టాండ్ దగ్గర రేట్ల బోర్డు ఉంటుంది. తీరం చాలాచోట్ల రాయి, కాబట్టి ఇసుక దిగుడు, పిల్లల పూల్ రెండూ ఉన్న బీచ్ క్లబ్బు ఎంచుకోండి. అలాంటివి దీవి పడమటి తీరంలో దక్షిణం వైపు, 15-20 నిమిషాల దూరంలో ఉన్నాయి. నీళ్లు నెమ్మదిగా ఉండేది పడమటి వైపే. తూర్పు వైపు ఫొటోలకు మాత్రమే.

సెయింట్ థామస్‌లో మేగన్స్ బేకు టాక్సీలో 20 నిమిషాలు, ఎత్తుపల్లాల దారి. ప్రవేశ రుసుము ఉంది. బీచ్ కొండల మధ్య లోపలికి ఒదిగి ఉండటంతో అలలు చిన్నవి, లోతు మెల్లగా పెరుగుతుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. కరీబియన్ పబ్లిక్ బీచ్‌లలో లైఫ్‌గార్డు ఉండటం అరుదు, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. సెయింట్ మార్టెన్‌లో రేవు నుంచి వాటర్ టాక్సీ ఎక్కితే ఐదు నిమిషాల్లో ఫిలిప్స్‌బర్గ్ బీచ్. బార్బడోస్‌లో కార్లైల్ బేకు టాక్సీలో సుమారు పది నిమిషాలు.

కురసావ్‌లో బీచ్ మాటే మరచిపోండి. రేవు నుంచి నడిచి 1888లో కట్టిన క్వీన్ ఎమ్మా తేలే వంతెన దగ్గరకు వెళ్లండి. ఓడ వచ్చినప్పుడు గంట కొట్టి వంతెన మొత్తం పక్కకు జరుగుతుంది. నాలుగేళ్ల పిల్లలకు అంతకన్నా వింత ఏముంటుంది?

అరూబాలో ఒక పేరు చూసి మోసపోకండి. 'బేబీ బీచ్' నిజంగానే పసిపిల్లలకు తగిన లోతులేని లాగూన్, కానీ దీవికి ఆ చివర ఉంది. రేవు నుంచి సుమారు 40 నిమిషాలు. దగ్గర్లో ఉన్న ఈగిల్ బీచ్ చాలు.

ఏవి తప్పించాలి?

దూరం, ఎక్కి దిగే పని, మెలికల దారి: ఈ మూడింటిలో ఏ రెండున్నా వద్దు.

కొజుమెల్ నుంచి తులుమ్, చిచెన్ ఇట్జా టూర్లు ముందు ఫెర్రీ, తర్వాత బస్సు. ఫెర్రీ ఒక్కటే ముప్పావు గంట, అలలుంటే సగం మంది కవర్లు పట్టుకునే ఉంటారు. సెయింట్ లూషియా, డొమినికా చూడముచ్చటైన దీవులే, దారులు మాత్రం మన అరకు ఘాట్ రోడ్డులా మెలికలు. కారు ప్రయాణం పడని పిల్లలకు నరకం. జమైకాలో డన్స్ రివర్ జలపాతం ఎక్కడం జారుడు రాళ్ల మీద పని. సెయింట్ మార్టెన్‌లో విమానాలు తలమీద నుంచి వెళ్లే మాహో బీచ్‌కి వెళ్లినా కంచె దగ్గర నిలబడొద్దు. టేకాఫ్ అయ్యే జెట్ గాలి పెద్దవాళ్లనే విసిరేస్తుంది, 2017లో ఒక మహిళ చనిపోయారు. శాన్ హువాన్‌లో చాలా ఓడలు సాయంత్రం ఆగుతాయి, అప్పటికి పిల్లలు పడుకునే వేళ.

టాక్సీలో కారు సీటు దొరుకుతుందా?

దొరకదనే అనుకోండి. సెయింట్ థామస్ లాంటి చోట్ల టాక్సీ అంటే పక్కలు తెరిచిన ట్రక్కు, బెంచీలు, బెల్టులు ఉండవు. బెల్టు ఉన్న వ్యాను కావాలని స్టాండులో అడిగితే ఇస్తారు, కొంచెం ఆగాలి. నాలుగేళ్లు దాటినవాళ్లకు గాలి ఊదే బూస్టర్ గానీ, మడిచే బూస్టర్ గానీ బ్యాగులో పట్టేస్తుంది. అంతకన్నా చిన్నవాళ్లకు కారు సీటు మోసుకెళ్లాలి, లేదా టాక్సీ అక్కర్లేని రేవు ఎంచుకోవాలి. రెండోదే మా సలహా. బహామాస్, కేమన్, బార్బడోస్, జమైకా, సెయింట్ థామస్‌లలో బండ్లు మనదేశంలోలాగే ఎడమవైపు నడుస్తాయి. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు రోడ్డు దాటేటప్పుడు రెండోవైపు చూస్తారు, చెయ్యి వదలకండి.

హెచ్-1, హెచ్-4 మీద ఉన్నాం. వీసా స్టాంపు గడువు అయిపోయింది కానీ ఐ-94 (అమెరికాలో ఉండేందుకు అనుమతి పత్రం) ఉంది. వెళ్లొచ్చా?

వెళ్లకండి. స్టాంపు తీరినా 30 రోజుల లోపు తిరిగి రావచ్చన్న ఆటోమేటిక్ రీవాలిడేషన్ నియమం హెచ్ వీసాలకు కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. పక్క దీవులకు కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాలవాళ్లకే. మరి కొజుమెల్ ఒక్కటే ఉన్న రూటైతే? తుపాను వస్తే కెప్టెన్ ఓడను బహామాస్‌కో, జమైకాకో తిప్పుతాడు, మిమ్మల్ని అడిగి తిప్పడు. గడువున్న స్టాంపు ఉంటేనే ఎక్కాలి.

అమ్మానాన్నల విజిటర్ వీసాలో 'ఎంట్రీస్' దగ్గర ఎం (మల్టిపుల్, అంటే ఒకటికన్నా ఎక్కువసార్లు రావచ్చని) అని ఉందో లేదో చూడండి, తిరిగి రావడం కూడా ఒక ప్రవేశమే. అమెరికా వీసా గడువులో ఉన్న ఇండియన్ పాస్‌పోర్టుకు మెక్సికో వీసా అక్కర్లేదు. మిగతా దీవుల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. రూటులో ఒక్క దేశానికి కావాల్సిన కాగితం లేకపోయినా, అక్కడ దిగం అని చెప్పినా, మొదటి రోజే ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. బుక్ చేసేముందే కంపెనీకి ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు దేశం చెప్పి అడగండి.

అమెరికాలో పుట్టిన పిల్లలకు బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే క్రూజ్‌లో ప్రభుత్వం ఇచ్చిన జనన ధ్రువపత్రం చాలు. ఆస్పత్రి ఇచ్చిన పాదముద్రల కాగితం చెల్లదు. అయినా పాస్‌పోర్టు తీసుకెళ్లండి. మధ్యలో ఏదైనా దీవి నుంచి విమానంలో తిరిగి రావాల్సి వస్తే అదే కావాలి.

ఎన్ని నెలల పాపను తీసుకెళ్లొచ్చు?

చాలా కంపెనీల్లో ప్రయాణం రోజుకు 6 నెలలు నిండాలి. వరుసగా మూడు రోజులు సముద్రం మీదే ఉండే రూట్లలో 12 నెలలు. తల్లి గర్భవతి అయితే 24వ వారంలోకి వచ్చాక ఎక్కనివ్వరు. ప్రయాణం ముగిసే తేదీకి లెక్కేస్తారు.

మా ఊరి నుంచి ఏ రూటు దగ్గర?

డాలస్, హ్యూస్టన్ వాళ్లకు గాల్వెస్టన్. అక్కడి నుంచి కొజుమెల్, కోస్టా మాయా, రొవాటాన్ వైపు వారం రోజుల రూట్లు ఉంటాయి. మొదటి రేవు చేరేలోపు కనీసం ఒక రోజు సముద్రం. అట్లాంటా, షార్లెట్ వాళ్లు మయామీకో, పోర్ట్ కానవరెల్‌కో వెళ్తే మూడు నాలుగు రోజుల బహామాస్ రూట్లు దొరుకుతాయి. మొదటి ప్రయాణానికి ఇవే మంచివి. న్యూజెర్సీ నుంచి ఓడ ఎక్కితే విమానం ఖర్చు మిగులుతుంది కానీ వెచ్చని నీళ్లు చేరడానికి రెండు రోజులు పడుతుంది. చలికాలంలో ఆ రెండు రోజులూ చలి, ఊపు. వాంతుల మందు రెండేళ్లలోపు పిల్లలకు సొంతంగా వేయకండి, ముందే పిల్లల డాక్టర్ని అడిగి ఉంచుకోండి.

ఏ నెలలో వెళ్లాలి?

డిసెంబర్ నుంచి మార్చి దాకా బహామాస్ నీళ్లు పిల్లలకు చల్లగా ఉంటాయి, పది నిమిషాల్లో పెదాలు నీలంగా మారతాయి. ఆ నెలల్లో అరూబా, బార్బడోస్ లాంటి దక్షిణ దీవులు మేలు. లేదంటే ఫుల్ చేతుల ఈత చొక్కా వేయండి. తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30, ఉధృతి ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. ఏప్రిల్ చివర, మే మొదట్లో అన్నీ కుదురుతాయి కానీ అప్పటికే సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు తీరాలకు కొట్టుకొస్తుంటుంది. అది తూర్పు వైపు తీరాల మీదే ఎక్కువ పేరుకుంటుంది. కోస్టా మాయా దెబ్బతింటుంది, కొజుమెల్ పడమటి తీరం చాలావరకు బయటపడుతుంది.

ఒడ్డుకు ఏం తీసుకెళ్లాలి? పెరుగన్నం డబ్బా తీసుకెళ్లొచ్చా?

పెరుగన్నం కుదరదు. ఓడ నుంచి వండిన తిండి, పళ్లు ఒడ్డుకు తేవడాన్ని దాదాపు అన్ని దీవులూ నిషేధించాయి. కొన్నిచోట్ల గేటు దగ్గర కుక్కలతో వాసన చూపిస్తారు. సీలు విప్పని ప్యాకెట్లు పర్వాలేదు: బిస్కట్లు, మురుకులు, మరమరాలు, పసివాళ్ల సీసా తిండి. ఇంట్లో వండినవి ఓడలోకే రానివ్వరు, రైస్ కుక్కర్, కెటిల్ కూడా. ఓడ డైనింగ్ హాల్లో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే అన్నం, పప్పు, పెరుగు రోజూ ఏర్పాటు చేస్తారు. ఉదయం అదే కడుపునిండా పెట్టి దింపండి.

ఇద్దరు చిన్నపిల్లలకు ఒక పూటకు: స్విమ్ డైపర్లు 4, మామూలువి 3, జిప్ కవర్లు 5, పొడి బట్టలు రెండేసి జతలు, మంచినీళ్లు 2 లీటర్లు, నీళ్ల చెప్పులు, ఓడ టవళ్లు, చిన్న నోట్లలో 60-80 డాలర్లు, అందరి ఓడ కార్డులు, పాస్‌పోర్టుల ఫొటోలు. లైఫ్ జాకెట్ ఇంటి నుంచే, అమెరికా కోస్ట్ గార్డ్ ముద్ర ఉన్నది. చేతులకు తొడిగే గాలి బుడగలు పనికిరావు, జారిపోతాయి. స్ట్రోలర్ గొడుగులా మడతపడేది చాలు. ఇసుకలో చక్రాలు కూరుకుంటే ముందుకు నెట్టకుండా తిప్పి వెనక్కి లాగండి, కదులుతుంది.

ఇంకో మాట. మిలిటరీ పచ్చమచ్చల నిక్కర్లు, టోపీలు ఇంట్లోనే వదిలేయండి. బార్బడోస్, జమైకా, సెయింట్ లూషియా, ఆంటిగాల్లో మామూలు జనం ఆ గుడ్డ వేసుకోవడం చట్టవిరుద్ధం, పిల్లలకూ మినహాయింపు లేదు.

సన్‌స్క్రీన్ మనవాళ్లకు అవసరమా?

అవసరమే. మన రంగుకు ఎండ దెబ్బ ఎర్రగా కనిపించదు, రాత్రి మంటతో తెలుస్తుంది. ఎస్పీఎఫ్ 30 దాటినది, దిగడానికి 15 నిమిషాల ముందు పూసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పూయాలి. ఆరు నెలల చుట్టుపక్కల పాపలకు పూత కన్నా నీడే రక్ష. జింక్ ఆక్సైడ్ ఉన్నదే కొనండి. ఆక్సీబెంజోన్ ఉన్నవి అమెరికన్ వర్జిన్ దీవుల్లో, అరూబాలో నిషిద్ధం.

నీడ కోసం ఏ చెట్టు కిందైనా కూర్చోకండి. మంచినీల్ అనే చెట్టు బార్బడోస్, వర్జిన్ దీవుల బీచ్‌లలో ఉంటుంది. చిన్న పచ్చ ఆపిల్‌లాంటి కాయలు, పాలు తగిలితే బొబ్బలు. వానలో దాని కింద నిలబడినా ఆకుల మీదుగా కారే నీళ్లకు ఒళ్లు కాలుతుంది. కొన్నిచోట్ల మానుకు ఎర్రరంగు పట్టీ వేసి ఉంచుతారు. పిల్లలు కింద పడ్డ ఏ కాయనూ నోట్లో పెట్టకుండా చూడాలి.

ఓడ మనకోసం ఆగుతుందా?

కంపెనీ టూర్ ఆలస్యమైతే ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఎక్కాల్సిన గడువు బయల్దేరే వేళకు 30 నిమిషాల ముందే, కొన్నిచోట్ల గంట ముందు.

ఎక్కువమంది తప్పిపోయేది ఫోను గడియారం వల్ల. కొజుమెల్, కేమన్‌లలో ఎండాకాలంలో గడియారం మార్చరు. మయామీ నుంచి జులైలో వెళ్లిన ఓడ తన సమయాన్ని మార్చకపోతే, ఓడలో 4:30 అయినప్పుడు ఒడ్డున ఫోనులో 3:30 కనిపిస్తుంది. ఇంకా గంట ఉందనుకుంటారు. చేతికి మామూలు వాచీ కట్టి ఓడ సమయం పెట్టండి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే సముద్రం మీది నెట్‌వర్క్ బిల్లు కూడా తప్పుతుంది.

రేవు రద్దయితే డబ్బు ఇస్తారా?

ఆ రేవు పన్నులు మాత్రమే వెనక్కి వస్తాయి, సాధారణంగా ఓడ ఖాతాలో జమ చేస్తారు. కంపెనీ ద్వారా కొన్న టూర్ సొమ్ము మొత్తం తిరిగిస్తారు. బయట కొన్నదైతే ఓడ రాకపోతే డబ్బు వాపసు అన్న షరతు ఉందో లేదో చూసి కొనాలి.

అసలు దిగకుండా ఓడలోనే ఉండిపోతే?

కష్టమైన రేవు వచ్చిన రోజు అదే మంచి ఉపాయం. జనం దిగిపోయాక స్లైడ్ల దగ్గర వరుసలుండవు. మూడేళ్లు దాటి టాయిలెట్ అలవాటైన పిల్లలకు కిడ్స్ క్లబ్బు రేవు రోజుల్లోనూ తెరిచే ఉంటుంది. తల్లిదండ్రులు ఇద్దరూ దిగితే ఆ సంగతి క్లబ్బులో చెప్పి, ఓడలో ఉన్న తాతయ్యను పిల్లల్ని తీసుకెళ్లగలిగేవారిగా రాయించాలి. ఈ పేరు మొదటి రోజు నమోదు చేసేటప్పుడే ఇవ్వండి, లేకపోతే తాతయ్య వచ్చినా పిల్లల్ని పంపరు.